పునరుజ్జీవన యుగము: మానవుడు, కళ, కూలి

(ఫెడరేషన్ అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నిన్న ఇదే హాలులో పింఛను నియమావళి గురించి, శిక్షాచర్యలపై అప్పీళ్ళ గురించి విన్నారు. నోటు పుస్తకాలు నిండినవి. ఈ ఉదయం నాకు అప్పగించిన అంశము వేరు: ఐరోపా పునరుజ్జీవన కాలమునాటి మానవతావాదము, కళ, సమాజము. టీ విరామంలో ఒక సోదరుడు నన్ను పక్కకు పిలిచి, "మాస్టారూ, ఇది కాలేజీ పిల్లల పాఠము గదా, మనకెందుకు?" అని నిర్మొహమాటంగా అడిగినాడు. అడిగినందుకు సంతోషించినాను. ఆయన ప్రశ్నకు జవాబుగానే ఈ ప్రసంగం నడుపుతాను.

1434వ సంవత్సరం ఆగస్టు నెలలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఒక పెద్దమనిషిని జైలులో పెట్టినారు. ఆయన దొంగతనం చేయలేదు, రాజద్రోహం చేయలేదు. తాపీవారి, వడ్రంగుల సంఘానికి చెల్లించవలసిన వార్షిక చందా చెల్లించలేదు. ఆ పెద్దమనిషి పేరు ఫిలిప్పో బ్రూనెల్లెస్కీ. అప్పటికి పద్నాలుగు ఏండ్లుగా ఆ నగరపు ప్రధాన దేవాలయం మీద గుమ్మటం లేపుతున్నవాడు ఆయనే. నేటికీ పునరుజ్జీవన శిల్పకళ అనగానే మొదట చూపే బొమ్మ ఆ గుమ్మటమే. (నవ్వులు అప్పుడే వద్దు, మన శాఖల చందా బకాయిల జాబితా కోశాధికారి గారి చేతిలోనే ఉన్నది.)

ఈ సంఘాలను వారు గిల్డులు అన్నారు. మన శాసనాలలో శ్రేణి అనే మాట ఉన్నది. అర్థం దగ్గరదగ్గరగా అదే. ఫ్లోరెన్సులో ఇటువంటివి ఇరవై ఒకటి: ఏడు పెద్దవి, పద్నాలుగు చిన్నవి. పేరు విని ఇవి మన యూనియన్ల వంటివని పొరబడరాదు. ఇవి యజమానుల సంఘాలు. గిల్డు సభ్యుడైతేనే నగరపాలనలో పదవికి అర్హత. పెద్ద దేవాలయ నిర్మాణాన్ని నడిపించినది ఉన్ని వర్తకుల గిల్డు. బ్రూనెల్లెస్కీ మొదట కంసాలిపని నేర్చినవాడు, ఆ హోదాలో పట్టు వర్తకుల గిల్డులో సభ్యుడు. ఒక పెద్ద గిల్డులో ఉన్న తాను తాపీవారి చిన్న గిల్డుకు చందా కట్టడమేమిటని ఆయన ఉద్దేశం. దేవాలయ నిర్మాణ కార్యాలయం జోక్యం చేసుకున్నది, కొద్ది రోజులకే విడుదలైనాడు. ఎవరి మాట ఎవరి మీద చెల్లినదో గమనించండి.

గుమ్మటం పని 1420 ఆగస్టు 7న మొదలైనది. 1436లో పూర్తి అయినది. లోపలి కొలత దాదాపు 45 మీటర్లు. నేల నుండి మధ్యలో పరంజా నింపకుండానే నలభై లక్షలకు పైగా ఇటుకలతో కట్టినారు. బరువులను పైకి లాగడానికి ఎద్దులు తిప్పే యంత్రమొకటి చేసినాడు ఆయన. బరువు ఎక్కించాక మళ్ళీ దించవలసి వచ్చినప్పుడు ఎద్దులను విప్పి తిప్పి కట్టనక్కరలేదు. పళ్ళచక్రాలను మార్చితే యంత్రమే తిరుగుదిశ మార్చుకొంటుంది. లోకోషెడ్డులో పనిచేసిన సోదరులకు దీని విలువ నేను చెప్పనక్కరలేదు.

ఆ యంత్రం గీతలు తర్వాతి తరాల ఇంజనీర్ల నోటు పుస్తకాలలో నిలిచినవి. పైన నిలబడి ఇటుక పేర్చిన వారి విషయం చరిత్రలో తక్కువ. వారిది దినకూలి. వాన పడితే పని లేదు, పని లేకపోతే కూలి లేదు. పైకి తీసుకుపోయే ద్రాక్షసారాయంలో మూడవ వంతు నీరు కలిపినారు, కళ్ళు తిరగకుండా. బ్రూనెల్లెస్కీ జీవితచరిత్ర వ్రాసినవారు ఒక సంఘటన చెబుతారు. తాపీవారు కూలి పెంచమని పని ఆపినారట. ఆయన వారందరినీ తొలగించి, లొంబార్డీ నుంచి వచ్చిన కొత్తవారికి పని నేర్పి నడిపించినాడట. పాతవారు తిరిగి రాగా, మునుపటి కంటే తక్కువ కూలికి చేర్చుకున్నాడట. చరిత్రకారులు దీనిని ఆయన తెలివికి నిదర్శనంగా వ్రాసినారు. నాకు మాత్రం 1434 నాటి పదకొండు రోజుల జైలుకూ ఈ కథకూ ఏదో సంబంధం ఉన్నట్టే తోచును. ఆధారం చూపమంటే చూపలేను, కనుక అంతటితో వదలుతాను.

ఇక అసలు విషయానికి వస్తాను. మానవతావాదము అనగా నేడు మనం దయ, కరుణ, సాటి మనిషి పట్ల సానుభూతి అనుకుంటాము. ఆ కాలంలో ఆ మాటకు మొదటి అర్థం అది కాదు. వ్యాకరణము, వక్తృత్వము, చరిత్ర, కవిత్వము, నీతిశాస్త్రము: ఈ ఐదింటిని కలిపి మానవ విద్యలు అన్నారు; వాటిని బోధించేవాడు మానవతావాది. ప్రాచీన రోమక, గ్రీకు గ్రంథాలను వెదకి తీసి, తప్పులు దిద్ది, వాటి నుండి మనిషి ఎట్లా బ్రతకవలెనో, నగరం ఎట్లా నడవవలెనో నేర్చుకొనుట వారి పని. మనిషి పుట్టుకతో పాపి, ఇహలోకం ఒక మజిలీ మాత్రమే అన్న ధోరణికి ఎదురుగా, ఇక్కడి జీవితానికీ ఇక్కడి కార్యానికీ విలువ ఉన్నదని వారు వాదించినారు. అది చిన్న విషయం కాదు. 1440లో లొరెన్జో వల్లా అనే పండితుడు, పోపులకు పశ్చిమ రాజ్యాధికారం ధారపోసినట్టు చెప్పే ప్రాచీన దానపత్రం భాషను పరీక్షించి, ఆ లాటిను ఆ కాలపు లాటిను కాదని, అది కూటపత్రమని నిరూపించినాడు. వ్యాకరణం ఎంత పదునైన ఆయుధమో దానివల్ల తెలిసినది.

ఈ విద్య ఉత్తరాల మీద నడిచినది. నేను ముప్పయి ఏండ్లు మెయిలు బండిలో నిలబడి ఉత్తరాలు వేరుచేసినవాణ్ణి. రాత్రి రెండు గంటలకు సంచి విప్పినప్పుడు ఏ ఉత్తరంలో ఏమున్నదో మనకు తెలియదు, తెలియరాదు కూడా. అందుచేత ఈ భాగం నాకు ప్రీతి.

1345వ సంవత్సరంలో పెట్రార్క్ అనే కవి వెరోనా నగరపు దేవాలయ గ్రంథాలయంలో ఒక పాత ప్రతి కనుగొన్నాడు. రోమక రాజనీతిజ్ఞుడు సిసిరో తన మిత్రుడు ఆటికస్‌కు వ్రాసిన ఉత్తరాలు అవి. అప్పటికి సిసిరో చనిపోయి పదమూడు వందల ఏండ్లు దాటినవి. ఆ ఉత్తరాలలో మహావక్త కాదు, భయపడే మనిషి, పదవికోసం ఆరాటపడే మనిషి, కూతురికోసం ఏడ్చే మనిషి కనిపించినాడు. పెట్రార్క్ కొంత నొచ్చుకొని, చనిపోయిన సిసిరోకే ఒక జవాబు వ్రాసినాడు. చిరునామాదారు లేని ఆ ఉత్తరం నేటికీ చదువుతున్నారు. పునరుజ్జీవనానికి ఒక పుట్టినరోజు చెప్పమంటే ఈ సంవత్సరాన్నే చూపేవారున్నారు.

అదే 1345లో, మే నెలలో, ఫ్లోరెన్సులో మరొక సంఘటన జరిగినది. చూతో బ్రందీనీ అనే ఉన్ని ఏకే కార్మికుణ్ణి రాత్రివేళ ఇంటినుండి పట్టుకుపోయినారు. అతని నేరం, ఉన్ని ఏకేవారిని, దువ్వేవారిని సమావేశపరచి ఒక సంఘం పెట్టబూనడం. నిధికోసం డబ్బు వసూలు చేయబూనడం. తెల్లవారగానే ఉన్నిపనివారు పని ఆపి, నగరాధికారుల వద్దకు పోయి, అతణ్ణి విడువమని, తమ కూలి సంగతి చూడమని అడిగినారు. అతణ్ణి ఉరితీసినారు.

ఒకే సంవత్సరం. వెరోనాలో ఒక మనిషి పాత ఉత్తరాలలో మనిషిని కనుగొన్నాడు. ఫ్లోరెన్సులో కూడబలుక్కున్నందుకు మరొక మనిషి ఉరికంబం ఎక్కినాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే అలవాటు మన పాఠ్యపుస్తకాలకు లేదు.

ఉన్నిపరిశ్రమ ఆ నగరపు ప్రాణం. ఇంగ్లండు నుండి వచ్చిన ఉన్నిని కడిగి, ఏకి, దువ్వి, వడికి, నేసి, అద్దకం వేసి బట్ట చేసేవరకు ఎన్నో చేతులు మారేది. ఆ చేతులకు గిల్డులో సభ్యత్వం లేదు. గిల్డు శాసనానికి మాత్రం లోబడి ఉండవలెను. గిల్డు ఒక పరాయి ఊరి అధికారిని జీతమిచ్చి నియమించుకొనేది. కార్మికులకు జుర్మానా వేయడం, కొట్టించడం అతని అధికారం. సొంతంగా కూడుకొనడం నిషేధం. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. యజమానుల లావాదేవీ బంగారు ఫ్లోరిన్లలో, కార్మికుని కూలి చిన్న వెండి నాణాలలో. చిల్లర నాణెంలో వెండి తగ్గించినప్పుడల్లా బంగారం వానికి లాభం, చిల్లర వానికి నష్టం. కరువు భత్యం లెక్కలు తెలిసినవారు గనుక మీకు ఇది వెంటనే అర్థమగును: కూలి అంకె అదే, కొనగలిగినది వేరు.

1378 వేసవిలో ఈ కార్మికులు తిరగబడినారు. ఇటాలియనులో వారిని చోంపీలు అన్నారు. జూలై 22న పరిపాలనా భవనాన్ని స్వాధీనపరచుకొని, ఉన్నిపనివాడైన మికేలే ది లాందోను నగరాధిపతిగా నిలబెట్టినారు. వారు కోరినవి ఏమిటి? తమకు సొంత గిల్డు. ఆ పరాయి అధికారి పదవి రద్దు. అప్పు తీర్చలేనివారికి జైలు కొంతకాలం నిలుపుదల. కొద్ది వారాలకే, యజమానులు నెలకు కనీసం 2,000 బట్టలు నేయించవలెనన్న కోరిక కూడా వచ్చినది. ఇది పని గ్యారంటీ కోరిక, ఆరు వందల ఏండ్ల క్రితం. మూడు కొత్త గిల్డులు ఏర్పడినవి: అద్దకపువారిది, కుట్టుపనివారిది, చివరిది చోంపీలది. యజమానులు అంగళ్ళు మూసినారు. పని లేక ఆకలి పెరిగినది. ఆగస్టు 31న వీధిపోరులో చోంపీలను అణచినవారి ముందు నిలిచినవాడు వారు ఎన్నుకున్న మికేలే ది లాందోనే. చోంపీల గిల్డు అప్పుడే పోయినది. మిగిలిన రెండు 1382లో పోయినవి.

ఈ కాలమంతా నగర కార్యదర్శి పదవిలో ఉన్నవాడు కొలుచ్చో సలుతాతీ. 1375 నుండి 1406లో మరణించేవరకు ఆయనే. తన తరంలో మానవతావాదులకు పెద్దదిక్కు. స్వాతంత్ర్యాన్ని కీర్తించే ఆయన లాటిను లేఖలు ఇటలీ అంతటా చదివినారు. చోంపీలు అధికారంలో ఉన్నప్పుడు వారి తరఫునా ఉత్తరాలు ఆయనే వ్రాసినాడు. వారు పోయినాక వచ్చినవారి తరఫునా ఆయనే. ఉద్యోగి కష్టం ఉద్యోగికే తెలియును, అందుకు ఆయనను నేను తప్పుపట్టను. ఆయన శిష్యుడు లియొనార్దో బ్రూనీ మాత్రం నగరచరిత్ర వ్రాస్తూ, ఈ తిరుగుబాటును పెద్దలకు ఒక హెచ్చరికగా చూపినాడు: ఆయుధమూ అధికారమూ మూకల చేతికి పోనీయరాదన్నది ఆయన భావం. ఆ చరిత్రలో స్వాతంత్ర్యం అనే మాట తరచుగా వచ్చును. అది ఎందరికి చెందునో ఆయన లెక్క ఆయనకు ఉన్నది. దాదాపు వందేండ్లకు పిమ్మట, 1520ల్లో మాకియవెల్లీ తన ఫ్లోరెన్సు చరిత్రలో పేరులేని ఒక ఉన్నికార్మికుని నోట సుదీర్ఘమైన ఉపన్యాసం పెట్టినాడు. బట్టలు విప్పితే అందరమూ ఒకటే అన్న తాత్పర్యం అందులో ఉన్నది. మాకియవెల్లీ తిరుగుబాటును మెచ్చలేదు. అయినా ఆ వాదన బలం తగ్గించి వ్రాయలేదు.

ఇప్పుడు మళ్ళీ ఉత్తరాలకు వస్తాను. ఫ్లోరెన్సుకు దగ్గరలో ప్రాతో అనే ఊరు. అక్కడ ఫ్రాంచెస్కో దతీనీ అనే వర్తకుడు 1410లో చనిపోయినాడు. ఆయన పద్దు పుస్తకాల మొదట దేవుని పేరూ లాభం పేరూ పక్కపక్కనే కనిపించును. 1870లో ఆయన ఇంటి మెట్ల కింది గదిలో ఆయన కాగితాలు బయటపడినవి: దాదాపు 1,50,000 ఉత్తరాలు. వర్తకుల సొంత అంచెవారు తోలుసంచిలో మోసుకువచ్చినవి. ముఖ్యమైన ఉత్తరానికి రెండు మూడు నకళ్ళు వ్రాసి వేరువేరు దారుల్లో పంపేవారు. అందిన ప్రతి ఉత్తరం మీద అందిన తేదీ వేసేవారు. మన తేదీముద్ర చేసే పని అక్కడ కలం చేసినది. ఆ గుట్టలో ఆయన భార్య మార్గరీత ఉత్తరాలు కూడా ఉన్నవి. మొదటివి ఇతరుల చేత వ్రాయించినవి. ముప్పయి ఏండ్లు దాటినాక ఆమె స్వయంగా వ్రాయడం నేర్చుకొని వ్రాసినవి తర్వాతివి. మానవ విద్యల మీద గ్రంథాలు వ్రాసిన పండితులెవరూ ఆమెను గమనించి ఉండరు.

దతీనీ ఇంట్లో లూచియా అనే బానిస స్త్రీ ఉండేది. 1348 నాటి మహామారి నగరంలో సగానికి పైగా జనాన్ని తీసుకుపోయినది, పనివారు కరువైనారు, 1363లో ఫ్లోరెన్సు ప్రభుత్వం, క్రైస్తవులు కానివారిని బానిసలుగా తెచ్చుకొనడానికి అనుమతించినది. నల్లసముద్రపు తీరాలనుండి తార్తారు, సర్కేషియను బాలికలను తెచ్చి అమ్మినారు. మానవుని ఔన్నత్యం గురించి వ్రాసిన చాలామంది ఇండ్లలో నీరు తోడినవారు వీరే. లూచియాకు దతీనీ వల్ల 1392లో జినేవ్రా అనే కూతురు పుట్టినది. ఆ పిల్లను తర్వాత తండ్రి ఇంటికి తెచ్చుకొని, మార్గరీత పెంచినది, కట్నమిచ్చి పెండ్లి చేసినారు. అది అదృష్టవంతురాలి కథ. మిగిలిన పిల్లలు ఎక్కడికి పోయినారు?

దతీనీ తన మరణశాసనంలో, దిక్కులేని శిశువులకు ఫ్లోరెన్సులో ఒక ఆశ్రయం కట్టడానికి వెయ్యి ఫ్లోరిన్లు కేటాయించినాడు. తన ఇంటి సంగతి ఆయన మనస్సులో ఉన్నదో లేదో మీరే ఊహించుకొనండి. ఆ సొమ్ము మొదలుగా, పట్టు వర్తకుల గిల్డు 1419లో పని చేపట్టినది. స్థపతి మన బ్రూనెల్లెస్కీయే. సన్నని స్తంభాలు, అర్ధచంద్రాకారపు కమానులు, ఎక్కడా ఆడంబరం లేదు. పునరుజ్జీవన వాస్తువుకు మొదటి భవనంగా దీనిని లెక్కిస్తారు. రాజప్రాసాదం కాదు, దేవాలయం కాదు, అనాథ శిశువుల ఇల్లు. ఇది నాకు ఆ యుగంలో అన్నిటికంటే గొప్ప విషయంగా తోచినది. దాని పేరు నిర్దోషుల ఆసుపత్రి. 1445 ఫిబ్రవరి 5న మొదటి శిశువు వచ్చినది. ఆడపిల్ల. ఆ రోజు సెయింట్ అగాతా పండుగ గనుక అగాతా అని పేరు పెట్టినారు. తర్వాత వచ్చినవారిలోనూ ఆడపిల్లలే ఎక్కువ. బానిసల పిల్లలు, దాసీల పిల్లలు ఎందరో. పాలిచ్చే దాదులను పల్లెలలో వెదికి పంపేవారు. కొన్ని సంవత్సరాలలో వచ్చినవారిలో సగానికి మించి బ్రతకలేదు. కమానుల మధ్య నీలి రంగు పలకల మీద గుడ్డలు చుట్టిన పసిపిల్లల బొమ్మలు 1487 ప్రాంతంలో అంద్రేయా దెల్లా రొబ్బియా చేసిపెట్టినాడు. ఒక్కొక్క పిల్ల చేతులు చాచి ఉన్నది. పిల్లల వైద్యుల చిహ్నాలలో ఆ బొమ్మ వాడడం మీలో కొందరు చూసి ఉండవచ్చును.

ఆ ఇంటి దేవాలయానికి ఒక చిత్రం కావలసి వచ్చినది. దొమెనికో గిర్లందాయోతో 1485 అక్టోబరు 23న ఒడంబడిక కుదిరినది. ఒడంబడిక కాగితం నేటికీ ఉన్నది. ముప్పయి నెలల్లో ముగించవలెను. మొత్తం 115 ఫ్లోరిన్లు. నెలకు మూడు ఫ్లోరిన్ల చొప్పున చెల్లింపు. తన చేతితోనే రంగులు వేయవలెను. నీలం ఔన్సు నాలుగు ఫ్లోరిన్ల రకం వాడవలెను. చూసినారా, నెల వాయిదా ఔన్సు నీలానికి చాలదు. కళాకారుని ప్రతిభ గురించి ఆ కాగితంలో స్తోత్రం లేదు. టెండరు షరతులు మాత్రం ఉన్నవి.

ఆ నీలం ఎక్కడిది? ఆఫ్ఘనిస్తానంలో బదక్షాన్ కొండలలో దొరికే రాజావర్త శిల. పశ్చిమాసియా దాటి, ఓడలలో వెనిస్ చేరి, అక్కడినుండి చిత్రకారుల అంగళ్ళకు. దానిని నూరి, మైనం కలిపిన ముద్దలో పిసికి, క్షారజలంలో నీలం మాత్రం వేరుచేయడం రోజుల తరబడి పని. చెన్నీనో చెన్నీనీ అనే చిత్రకారుడు 1400 ప్రాంతంలో వ్రాసిన పనిముచ్చట్ల పుస్తకంలో, ఈ పనికి మగవారికంటె ఇంటిపట్టున ఉండే పడుచుల చేతులే మేలని చెప్పినాడు. గని త్రవ్వినవాడు, పిసికిన పడుచు, మోసిన ఒంటెవాడు: చిత్రశాలలో చిత్రం కింది ఫలకం మీద పేరు గిర్లందాయోది ఒక్కటే. ఆ చిత్రంలో మేరీమాత పాదాల వద్ద, తూర్పు రాజుల మధ్య, తెల్లని బట్టలతో ఇద్దరు పసిబాలురు మోకరిల్లి ఉన్నారు. గాయాలు కనబడుచున్నవి. హేరోదు చంపించిన శిశువులు వారు. రాజుల సరసన అనాథలకు ప్రతీకలను నిలబెట్టిన ఊహ మాత్రం ఆ కాలపు మానవతావాదం నుండి వచ్చినదే; ఆ గౌరవం నేను తగ్గించను.

మన దేశం ప్రసక్తి ఒకటి చెప్పి ముగిస్తాను. వెనిస్ వర్తకుడు నికొలో కోంతీ 1420 ప్రాంతంలో మన దేశమంతా తిరిగి విజయనగరం కూడా చూసినాడు. తిరిగి వచ్చినాక, ఫ్లోరెన్సులో ఉన్న పోపు నాలుగవ యూజీనియస్ వద్దకు పోయినాడు. ప్రయాణంలో ప్రాణరక్షణకు మతం మార్చుకున్నందుకు క్షమ కోరినాడు. గుమ్మటం కింద దేవాలయాన్ని ప్రతిష్ఠించినది ఈ పోపే. పోపు కార్యదర్శి, మానవతావాది పోజో బ్రచ్చోలీనీ ఆయనను కూర్చోబెట్టి, విన్నదంతా లాటినులో వ్రాసినాడు. చుట్టుకొలత అరవై మైళ్ళ నగరమని విజయనగరం ఆ విధంగా ఐరోపా చదువరులకు చేరినది. ఆ ప్రయాణంలో కోంతీ భార్యను, ఇద్దరు పిల్లలను, సేవకులను ఈజిప్టులో మహామారికి పోగొట్టుకున్నాడు. పోజో ఆ సంగతి ఒకటి రెండు మాటలలో ముగించినాడు.

పొద్దున అడిగిన సోదరుడు నాలుగవ వరుసలో కూర్చున్నాడు. ఆయనకు ఇంకొక్కటి చెప్పవలెను. నిర్దోషుల ఆసుపత్రి గోడలో పిల్లలను పెట్టి వెళ్ళే కిటికీని 1875లో మూసినారు. ఆ భవనం ఇప్పుడు మ్యూజియం. అక్కడ చిన్న చిన్న సొరుగుల వరుస ఉన్నది. ఒక్కొక్క సొరుగులో ఒక సగం నాణెమో, విరిచిన పతకమో, పూసో, రిబ్బను ముక్కో ఉండును. పందొమ్మిదవ శతాబ్దంలో బిడ్డను వదలివెళ్ళిన తల్లులు దానితోబాటు పెట్టినవి. మిగతా సగం తమ వద్ద ఉంచుకున్నారు, ఎప్పటికైనా తిరిగి వచ్చి ఈ బిడ్డ మాది అని చూపడానికి. ఆ సొరుగులలో ఉన్నవన్నీ సగం ముక్కలే.

ఇక మీ ప్రశ్నలు.